చేతుల గురించి రాయమన్నారు

ఆయన అసలు పేరు అడిగితే వీధిలో సగం మంది తల గోక్కుంటారు. "నిదానం సెలూన్ ఎక్కడ?" అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. కత్తెర పట్టిన నాటి నుంచీ ఆయనది తొందరలేని చెయ్యి, అందుకే వీధి పెట్టిన పేరు నిదానం. పక్క వీధి సెలూన్‌లో ముగ్గురు లేచి వెళ్ళే వేళకి ఇక్కడ ఒక్కడి మెడ వెనక గీత పూర్తయ్యేది. కానీ ఆ గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉండేది. అందుకే జనం విసుక్కుంటూనే బల్ల మీద కూర్చుని తమ వంతు కోసం చూసేవారు.

అలాంటి చెయ్యి ఆ ఏడాది వానల ముందు వణకడం మొదలుపెట్టింది.

ముందు టీ గ్లాసు దగ్గర తెలిసింది. పెదవి దాకా వెళ్ళేసరికి సగం టీ చొక్కా తాగింది. తర్వాత కత్తెర దగ్గర. ఒళ్ళో పెట్టుకుంటే బుద్ధిగా పడుకునే చెయ్యి, పని మీదికి లేపగానే గాలికి ఆకులా ఊగేది. దొంగకు తేలు కుట్టినట్టు నిదానం నోరు మెదపలేదు. ఇంట్లో కుట్టుమిషను మీద నలుగురి బట్టలు కుట్టి సంసారాన్ని ఒక పక్క మోస్తున్న భార్యకి చెప్పలేదు. రెండో కుర్చీ దగ్గర పనిచేసే బావమరిదికి చెప్పలేదు. చెప్పకుండా నెట్టుకొచ్చే ఉపాయాలు మాత్రం వెతుక్కున్నాడు. మోచెయ్యి పక్కటెముకలకి అదిమి పెట్టేవాడు. దువ్వెన తలకి ఆనించి, దాని వెన్ను మీదుగా కత్తెర నడిపేవాడు. గడ్డాలు మొత్తం బావమరిదికి వదిలేశాడు.

"మెడ పట్టేసిందిరా. వంగలేకపోతున్నా," అన్నాడు.

"అలాగే బావా," అన్నాడు బావమరిది. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. అడగకపోవడమే నిదానానికి నచ్చలేదు. తన మొదటి కుర్చీ మీద వాడికి కన్నుందేమో!

చెయ్యి వణికేవాడి రేజరు ముందు మెడ చాచి కూర్చునే మొనగాడు ఉంటాడా? సంగతి బయటికి పొక్కితే కొట్టుకి తాళమే. ఆ భయంతో ఆయన ప్రతివాడి చూపునీ తూకం వేయడం మొదలుపెట్టాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. దానికి ఒక పూట తిండి పెడితే చాలు, ఇంట్లో మనిషిలా తిష్ఠ వేస్తుంది.

ఆ సమయంలోనే బడిలో మూడో తరగతికి కొత్త టీచరమ్మ వచ్చింది. నిదానం కూతురు గువ్వ చదివేది ఆ తరగతే. పిల్ల అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండదు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని వాళ్ళమ్మ పెట్టిన ముద్దుపేరే నిలిచిపోయింది.

పాత మాస్టారి రోజుల్లో రాతపని అంటే ఆవు వ్యాసం. ఆవుకి నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక తోక. మాస్టారు బోర్డు మీద రాస్తే పిల్లలు దించేసుకునేవారు. కొత్త టీచరమ్మ బోర్డు తుడిచేసింది. పిల్లల్ని తీసుకెళ్ళి ప్రహరీగోడ దగ్గర వరసగా నిలబెట్టింది. గోడ అవతలికి కాసేపు ఊరికే చూడమంది. లోపలికి తీసుకొచ్చి, చూసింది రాయమంది.

"టీచర్, ఆకాశం అందంగా ఉంది అని రాయొచ్చా?" అని అడిగాడట ఒకడు.

"ఏం చూశావో రాయి నాన్నా. అందంగా ఉందో లేదో చదివి నేను చెప్తా," అందట ఆవిడ.

పిల్లలు రాసిన కాగితాల్ని తరగతిలో ఒక తీగ కట్టి, దానికి క్లిప్పులతో వేలాడదీసేది. పిల్లలు ఒకరిది ఒకరు చదువుకుని నవ్వుకునేవారు. గోడ అవతలి సంగతులు అయ్యాక, ఇంట్లో చూసినవి రాయమంది. చిక్కంతా అక్కడ వచ్చింది.

మందుల షాపాయన ఒక సాయంత్రం రుసరుసలాడుతూ సెలూన్‌కి వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"మా వాడేం రాశాడో తెలుసా? 'మా నాన్న ఆదివారం తలుపేసుకుని జుట్టుకి రంగు వేసుకుంటాడు. సోమవారం దిండు నల్లగా ఉంటుంది' అని రాశాడు. ఆవిడ దాన్ని తీగకి వేలాడదీసింది! తరగతంతా చదివింది!"

ఆ రంగు ఏ కంపెనీదో, ఎంత నీళ్ళలో కలపాలో చెప్పింది నిదానమే. బావమరిది దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. కుర్చీలో ఉన్న వడ్రంగి అద్దంలోంచే అందుకున్నాడు.

"నీది రంగుతో పోయింది. మా అమ్మాయి నేను పని చేసేటప్పుడు తిట్టుకునే తిట్లన్నీ రాసింది. ఒక్క ఒత్తు తప్పులేదు. టీచరమ్మ కింద 'బాగుంది' అని కూడా పెట్టింది."

"నవ్వుకోడానికి బాగానే ఉంది. కానీ ఒక్కటి ఆలోచించండి," అన్నాడు మందుల షాపాయన గొంతు తగ్గించి. "ఇళ్ళల్లో సంగతులు ఆవిడకెందుకు? ఊరికే ఎవరైనా రాయిస్తారా? సాయంత్రం అన్నీ సంచిలో వేసుకుని పోతుంది. ఎవరికి చూపిస్తుందో, ఎవరు పంపారో?"

"నిప్పు లేనిదే పొగ రాదు," అన్నాడు వడ్రంగి.

నిదానం చేతిలో కత్తెర ఆగింది. ఆగినట్టే ఆగి చిన్నగా ఊగింది. చటుక్కున దాన్ని నీళ్ళ డబ్బాలో పడేసి, దువ్వెన వెతుకుతున్నట్టు వంగాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర గువ్వ తన కంచంలోకి కాకుండా తండ్రి చేతికేసి చూస్తోంది.

"ఏంటే అలా చూస్తున్నావ్?"

"టీచర్ చూడమన్నారు నాన్నా. ఇంట్లో ఎవరివో ఒకరి చేతులు బాగా చూసి రాయాలట."

ముద్ద నోటి దాకా వెళ్ళలేదు. "అమ్మవి చూడు. మిషను మీద ఎంత చురుగ్గా ఆడతాయో."

"అమ్మవి మొన్న చూశాగా," అంది గువ్వ.

నిదానం చేతిని బల్ల కిందికి దించేశాడు. ఆకలి లేదని లేచిపోయాడు. ప్రపంచంలో ఇన్ని ఉండగా చేతుల మీదే ఎందుకు పడింది ఆ మహాతల్లి? కుక్కలు లేవా, బస్సులు లేవా, వాన లేదా? ఎవరో చెప్పి ఉంటారు. ఆవిడకి తెలిసే అడిగిస్తోంది.

రెండు మూడు రోజులు ఓపిక పట్టాడు. ఇక ఆగలేక, వాన పట్టేలా ఉందని వంకపెట్టి గొడుగు తీసుకుని బడికి వెళ్ళాడు. పిల్లలు బయట ఆడుకుంటున్నారు. తరగతి గదిలో టీచరమ్మ ఒక్కతే పెన్సిళ్ళు చెక్కుతోంది. కళ్ళజోడు, నూనె రాసి బిగించిన జుట్టు, వేళ్ళ నిండా సుద్దపొడి. నిదానం గొడుగు బల్ల మీద పెట్టి, ఊరికే చూస్తున్నట్టు తీగ వెంబడి నడిచాడు. 'మా తాతయ్య చేతులు' ఉంది. 'మా అక్క చేతులు' ఉంది. బస్సు డ్రైవరు కొడుకు రాసింది ఉంది: 'మా నాన్న నిద్రలో కూడా స్టీరింగు తిప్పుతాడు.' ఒక చివర నుంచి రెండో చివర దాకా చూశాడు. గువ్వది లేదు.

"మా అమ్మాయిది కనబడలేదు?"

"అది నా దగ్గర ఉంచానండీ," అంది టీచరమ్మ.

"ఎందుకు?"

"ఊరికేనండీ."

అంటూనే ఆవిడ చూపు ఆయన చేతుల మీద వాలింది. వాలి అక్కడే ఉండిపోయింది. నిదానం రెండు చేతులూ జేబుల్లో దోపుకున్నాడు.

"గువ్వ ఇంట్లో అల్లరి చేస్తుందా?" అని అడిగింది ఆవిడ.

"పిల్లలన్నాక చెయ్యరా?"

"చేస్తే మీరేం చేస్తారు?"

"మా ఇంట్లో మేమేం చేస్తే మీకెందుకండీ?" అన్నాడు నిదానం. గొంతు అనుకున్నదానికంటే పైకి లేచింది. గొడుగు అక్కడే మర్చిపోయి, నిజంగానే పట్టుకున్న వానలో తడుస్తూ కొట్టుకి వెళ్ళాడు.

సాయంత్రం గువ్వ ఇల్లు చేరగానే నిలదీశాడు.

"చేతుల గురించి ఏం రాశావ్?"

"ఏం రాయలేదు."

"అందరూ రాశారు. నువ్వు రాయలేదా? నాకు చెవిలో పువ్వులు పెట్టకు. చెప్పు!"

"ఏం రాయలేదు నాన్నా. నిజం."

ఆయన బడిసంచి లాక్కుని బోర్లించాడు. పుస్తకాలు, అరిగిపోయిన రబ్బరు, తినకుండా దాచుకున్న బిస్కెట్టు నేల మీద పడ్డాయి. గువ్వ ఒక్కసారిగా ఏడుపు లంకించుకుంది. మిషను చప్పుడు ఆగింది. భార్య గుమ్మంలో నిలబడి మొగుడిని చూసింది, ఏమీ అనకుండా పిల్లని లోపలికి తీసుకెళ్ళింది. ఆ మౌనం కూడా ఆయనకి అనుమానంగానే తోచింది. వీళ్ళిద్దరూ ఏదో దాస్తున్నారు.

మర్నాడు గువ్వ ఉబ్బిన కళ్ళతో బడికి వెళ్ళింది. మధ్యాహ్నం నిదానం పౌడరు డబ్బా కొనడానికి వెళుతూ బడి గేటు ముందు భార్యని చూశాడు. ఎదురుగా టీచరమ్మ. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటున్నారు. ఆయన్ని చూడగానే ఇద్దరూ ఆపేశారు.

"ఏంటి మంతనాలు?" అన్నాడు ఇంటికొచ్చాక.

"ఏముంది? పిల్ల ఎలా చదువుతోందో చెప్పింది," అంది భార్య, సూదిలోకి దారం ఎక్కిస్తూ. అబద్ధం చెప్పేటప్పుడు ఆవిడకి దారం ఒక పట్టాన ఎక్కదు. ఆ రోజు ఎక్కలేదు.

కొట్టులో బావమరిది మొదటి కుర్చీ ముందున్న అద్దాన్ని అడక్కుండానే తుడుస్తున్నాడు. "నువ్వు కాసేపు కూర్చో బావా. నేను చూసుకుంటా," అన్నాడు. అంతా కలిసే ఉన్నారన్నమాట. పెళ్ళాం, బావమరిది, టీచరమ్మ. కన్నకూతురు కాగితం మీద పెట్టి ఇచ్చింది, మిగిలినవాళ్ళు దండోరా వేస్తున్నారు. తన చుట్టూ వల బిగుస్తోందని, దాన్ని లాగే తాడు ఆ సంచీ టీచరమ్మ చేతిలో ఉందని నిదానం తీర్మానించుకున్నాడు.

ఆదివారం కొట్టు కిటకిటలాడుతోంది. బల్ల మీద వడ్రంగి, మందుల షాపాయన. రెండో కుర్చీలో బావమరిది ఎవరికో గడ్డం గీస్తున్నాడు. అప్పుడు గుమ్మంలోకి టీచరమ్మ వచ్చింది. పక్కన చేతికర్రతో ముసలాయన.

"మా నాన్నగారండీ. గడ్డం చెయ్యాలి," అంది.

మందుల షాపాయన వడ్రంగిని మోచేత్తో పొడిచాడు. వంతు ముందున్న వడ్రంగి, పెద్దాయన్ని ముందు కానివ్వమన్నాడు. ముసలాయన మొదటి కుర్చీలో కూర్చుని, గుడ్డ కప్పించుకుని, మెడ చాచి కళ్ళు మూసుకున్నాడు. టీచరమ్మ కూర్చోలేదు. కుర్చీ పక్కనే నిలబడి అద్దంలోకి చూస్తోంది. ఆవిడ చూపు మొహం మీద లేదు. చేతుల మీద ఉంది.

"గడ్డం మా బావమరిది చేస్తాడండీ. కాసేపాగండి," అన్నాడు నిదానం.

"మీరే చెయ్యండి. ఫరవాలేదు," అంది ఆవిడ.

ఇక తప్పలేదు. నురగ పట్టించాడు. బ్రష్షు గిన్నెకి తగిలి టకటకమంది. రేజరు తెరిచాడు. చెయ్యి లేపాడు. మోచెయ్యి పక్కకి ఎంత అదుముకున్నా అది ఆగలేదు. అంతమంది చూస్తున్నారన్న కంగారు తోడై, ముందెన్నడూ లేనంతగా ఊగింది. అద్దంలో రేజరు మెరుపు ముసలాయన గొంతు మీద అటూ ఇటూ పారాడింది. నిదానం రేజరు మడిచి బల్ల మీద పెట్టేశాడు.

"చూశారుగా? చాలా?" అన్నాడు. "మా పిల్ల రాసింది నిజమో కాదో తేల్చుకోడానికేగా పెద్దాయన్ని అడ్డం పెట్టుకుని వచ్చారు? నిజమే. వణుకుతోంది. వానల ముందు నుంచీ వణుకుతోంది. వెళ్ళి రాసుకోండి. ఆ తీగకి వేలాడదీసుకోండి!"

టీచరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క క్షణం ఆయన్నీ ఆయన చేతినీ మార్చి మార్చి చూసింది.

"మీ పాప ఏమీ రాయలేదండీ," అంది మెల్లిగా.

సంచిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. పైన గువ్వ గుండ్రటి అక్షరాల్లో 'మా నాన్న చేతులు' అని ఉంది. కింద ఒక్క ముక్క లేదు. ఒక చోట మాత్రం రాసి, చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపినట్టు కాగితం పలచబడి వెలుతురు కనిపిస్తోంది.

"గోడ మీద కాకి వాలితే పేజీ నింపే పిల్ల," అంది టీచరమ్మ. "నాన్న చేతులు అని పేరు పెట్టి, ఖాళీ కాగితం ఇచ్చి తల దించుకుంది. అడిగితే పలకలేదు. మిమ్మల్ని అడిగితే విసుక్కున్నారు, చేతులు దాచుకున్నారు. మర్నాడు పిల్ల కళ్ళు ఉబ్బి వచ్చింది. మీ ఆవిడని అడిగితే మా ఇంట్లో ఏమీ లేదని వణికిపోయింది. నేనేం అనుకోవాలి చెప్పండి?"

ఆ మాట లోపలికి దిగడానికి నిదానానికి కాస్త సమయం పట్టింది. దిగాక మొహం ఎర్రబడింది.

"అంటే... నేను పిల్లని కొడతాననా?"

"అనుమానం వచ్చింది. అందుకే మీరు ఎలాంటి మనిషో చూద్దామని వచ్చాను."

"నేనా? నా గువ్వనా?" అని అరవబోయాడు. అంతలో నేల మీద చెల్లాచెదురైన పుస్తకాలు, బిస్కెట్టు కళ్ళ ముందు మెదిలాయి. కొట్టలేదన్నది నిజమే. కానీ ఆ సాయంత్రం ఆ పిల్ల తనని ఎలా చూసిందో గుర్తొచ్చి, మిగిలిన మాట మింగేశాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆయన పని. ఎవరూ మోపని నేరాన్ని నలుగురిలో నిలబడి తనే ఒప్పుకున్నాడు. మందుల షాపాయన తన మెడ తడుముకుంటున్నాడు. వడ్రంగి చెప్పుల్లోకి చూసుకుంటున్నాడు.

కుర్చీలోంచి ముసలాయన కళ్ళు తెరవకుండానే అన్నాడు. "మీ తగువు తీరాక చెప్పండి నాయనా. నురగ ఆరిపోయి దురదేస్తోంది."

బావమరిది తన చేతిలో పని అక్కడ ఆపి వచ్చాడు. రేజరు అందుకుంటూ, బావ చెవి దగ్గర అన్నాడు. "నాకు తెలుసు బావా. అక్కకీ తెలుసు. నువ్వు చెప్తావేమోనని చూస్తున్నాం."

"మరి నువ్వు కుర్చీ కోసం..."

"కుర్చీయా? అది కూర్చుంటే కిర్రుమంటుంది. నా కుర్చీయే నయం."

వెళ్ళేటప్పుడు టీచరమ్మ గుమ్మం దగ్గర ఆగింది. "మిమ్మల్ని అనుమానించాను. నొప్పించి ఉంటే క్షమించండి. కానీ ఇంకో పిల్ల ఇలాంటి కాగితం ఇచ్చినా నేను మళ్ళీ ఇలాగే వస్తాను." నిదానం కుర్చీ మీది గుడ్డ తీసి దులిపాడు. అంత పెద్ద మాట తన మీద అనుకున్న మనిషిని ఒక్క పూటలో క్షమించడం ఆయన వల్ల కాలేదు. ఆవిడ చేసింది తప్పని కూడా గట్టిగా అనుకోలేకపోయాడు.

సాయంత్రం పెరటి మెట్ల మీద గువ్వ పక్కన కూర్చున్నాడు. రెండు చేతులూ జేబుల్లోంచి తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఎందుకే ఏమీ రాయలేదు?"

గువ్వ గోళ్ళు చూసుకుంటూ అంది. "వణకట్లేదు అని రాస్తే అబద్ధం. టీచర్ చూసిందే రాయమన్నారు. వణుకుతోందని రాస్తే అందరూ చదువుతారు. అప్పుడు కొట్టుకి ఎవరూ రారు. రెండూ రాసి చూశా. రెండూ చెరిపేశా."

నిదానం ఆకాశం వైపు చూశాడు. ఇంతకాలం ఊళ్ళో అందరి కళ్ళనీ అనుమానించాడు. ఆ కళ్ళల్లో తన కోసం కాపలా కాసినవి కూడా ఉన్నాయని ఒక్కసారైనా తోచలేదు.

"ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది. రాసుకో," అన్నాడు.

"నిజంగానా?" పిల్ల పెన్సిలు తెచ్చుకుంది. కాగితం మీద పెట్టి ఆగింది. "నాన్నా, వణుకులో 'న'నా 'ణ'నా?"

ఆయనకి తెలియలేదు. ఇద్దరూ కలిసి లోపలికి కేకేశారు. మిషను ఆపకుండానే వాళ్ళమ్మ చెప్పింది, పెద్ద 'ణ' అని.

ఆ వారంలోనే భార్య ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు చేతులు చాపించి, గ్లాసు పట్టించి, గీతలు గీయించి చూశాడు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని అడిగాడు. "మా నాన్నకి ఉండేది. ముసలితనం అనుకున్నాం," అన్నాడు నిదానం. ప్రాణానికి భయం లేదని, కంగారు పడితే, దాచుకుంటే ఇంకా ఎక్కువవుతుందని చెప్పి డాక్టరు మాత్రలు రాశాడు. తగ్గుతుంది కానీ పూర్తిగా పోతుందని మాటివ్వలేనన్నాడు. మాత్రలు మందుల షాపాయన దగ్గరే కొనాల్సి వచ్చింది. ఆయన పొట్లం కట్టి ఇచ్చాడు. కానీ కొన్నాళ్ళు సెలూన్ వైపు రాలేదు. మరికొందరూ రాలేదు. రేజరు పని, మెడ గీతా బావమరిదివి అయ్యాయి. తలలు నిదానానివి. వడ్రంగి మాత్రం మొదటి వారమే వచ్చి కూర్చుని, "జుట్టే కదా, మళ్ళీ మొలుస్తుంది. కానీ చెవులు చూసుకో," అన్నాడు. మెల్లిగా సగానికి పైగా జనం తిరిగొచ్చారు. మిగిలినవాళ్ళు పక్క వీధికి అలవాటు పడ్డారు.

గువ్వ ఏం రాసిందో ఇంట్లో చూపించలేదు. మర్చిపోయిన గొడుగు తెచ్చుకునే వంకతో నిదానం మళ్ళీ బడికి వెళ్ళాడు. తీగ మీద మధ్యలో ఉంది ఆ కాగితం. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని చదివాడు.

'మా నాన్న చేతులు వణుకుతాయి. పని చేస్తే ఎక్కువ వణుకుతాయి. ముందు నాకు భయం వేసింది. ఇప్పుడు గడ్డాలు మా మామయ్య గీస్తాడు. నాన్న జుట్టు కత్తిరిస్తాడు. నాకు జడ కూడా నాన్నే వేస్తాడు. ఒక పక్క వదులుగా వస్తుంది. దారిలో నేను మళ్ళీ వేసుకుంటాను. నాన్నకి చెప్పను.'

మర్నాడు పొద్దున్నే గువ్వ రిబ్బను పట్టుకొచ్చి ముందు కూర్చుంది. నిదానం ఏమీ తెలియనట్టే దువ్వెన అందుకున్నాడు.